పదకొండు బోల్టులు

ఆ రాతి గోడకు, ఎక్కేవాళ్లు తాడు తగిలించుకోవడానికి కొట్టిన బోల్టులు పద్నాలుగు ఉన్నాయి. కింది మూడు మౌరిసియో కొట్టాడు. మిగతా పదకొండు బసిలియా క్రిస్పిన్ కొట్టింది. మొదటి బోల్టుకు కట్టిన ఎర్ర గుడ్డ పీలిక మాత్రం మౌరిసియోది. రెండేళ్ల ఎండకు అది ఎరుపు వదిలి ఉతికిన గోనెసంచి రంగుకు వచ్చింది. అయినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

సోమవారం ఉదయం చిలీ నుంచి వచ్చిన హవియేరా ఆ గోడ కింద మెడ వెనక్కి వంచి చాలాసేపు చూసింది. ఆమె లోయకు వచ్చి వారమైంది. బసిలియా ఇంట్లో గది తీసుకుంది, బసిలియా వండింది తింటోంది, బసిలియా చూపించిన దారులన్నీ ఎక్కింది. ఈ ఒక్కటే మిగిలింది. బసిలియా పక్కన కూర్చుని తాడు చుట్ట చుడుతోంది. నలభై అడుగుల కింద ఏరు రాళ్ల మధ్య నుంచి పోతోంది. ఆ హోరుకు ఇక్కడ మాట్లాడాలంటే గొంతు కాస్త పెంచాలి.

"ఇది ఎవరూ ఎక్కరేం?" అంది హవియేరా.

"గుడ్డ కట్టి ఉంది కదా."

"ఏ గుడ్డ?"

బసిలియా గడ్డంతో చూపించింది. హవియేరా దగ్గరికి వెళ్లి చూసింది.

"ఇదా? ఎవరి చొక్కానో చిరిగి ఇక్కడ చిక్కుకుందనుకున్నా. ఎప్పుడు కట్టారు?"

"రెండేళ్లయింది. మే నెలలో. లీమా నుంచి మౌరిసియో సార్ వచ్చి కట్టారు."

"మళ్లీ వచ్చాడా?"

"రాలేదు."

హవియేరా నవ్వింది. "అయ్యో బసిలియా! గుడ్డ ఒక్క సీజనుకే. ఏడాది తిరిగితే అది ఒట్టి గుడ్డ. ఎక్కడైనా అంతే. నీకెవరూ చెప్పలేదా?"

బసిలియా చేతిలో తాడు సగం చుట్ట దగ్గర ఆగిపోయింది.

ఆ గుడ్డ సంగతి ఆమెకు మౌరిసియోనే చెప్పాడు. కొత్త దారికి బోల్టులు కొట్టినవాళ్లు ముందు ఎక్కే హక్కు తమదని మొదటి బోల్టుకు ఎర్ర గుడ్డ కడతారు. కింది నుంచి పైదాకా ఒక్కసారి కూడా పడకుండా, తాడు మీద బరువు వేయకుండా వెళితేనే ఎక్కినట్టు. అలా ముందు వెళ్లినవాళ్లు దారికి పేరు పెడతారు. ఆ పేరు ఎక్కే దారుల పుస్తకంలోకి వెళ్తుంది. ఇంతవరకు చెప్పాడు. గుడ్డకు గడువు ఉంటుందని చెప్పలేదు. అడగాలని ఆమెకూ తోచలేదు. వాళ్ల ఊరు పుమారంగలో రంగు ఊలు కుచ్చు ఆవు చెవికి ఉంటుంది, లామా చెవికి ఉంటుంది. ఎవరి చేత్తో కడితే జంతువు వాళ్లది. ఇంకొకరి కుచ్చు విప్పినవాణ్ణి దొంగ అంటారు. నిరుడు అక్క మొగుడు విదాల్ ఆ గోడ మీద సరదాగా చెయ్యి వేస్తే, సిగ్గులేదా బావా అని అందరి ముందు కేకలేసింది.

"ఒట్టి గుడ్డా?" అంది మళ్లీ.

"ఒట్టి గుడ్డ. ఇక్కడ మీరంతా దానికి దండం పెట్టుకుంటూ కూర్చున్నారు."

బసిలియా తాడు చుట్టడం పూర్తి చేసింది. చివర ముడి వేసి, ముడి బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

మధ్యాహ్నం విదాల్ వ్యాను తెచ్చి వంతెన దగ్గర ఆపాడు. ఫోన్లు పలికేది ఆ వంతెన మీదే. ఊరి వాళ్ల మెసేజీలన్నీ అతని ఫోనుకే వస్తాయి.

"మరదలా! నీ దొర వస్తున్నాడు," అని అక్కడి నుంచే అరిచాడు.

"ఎవరు?"

"ఎవరేంటి? గుడ్డ దొర." ఫోను దూరంగా పెట్టుకుని చదివాడు. "గురువారం వస్తున్నాం. ఆరుగురం. కెమెరా ఉంటుంది. బసిలియా గోడ కడగాలి, బోల్టులకు కొక్కేలు తగిలించాలి, పిట్టగూడు ఈసారైనా తీసెయ్యాలి, ఎక్కేటప్పుడు తాడు పట్టాలి, ఆరుగురికి భోజనం చెయ్యాలి." ఫోను దించాడు. "చూశావా? నా పెళ్లాన్ని ఒక పూటకు ఇన్ని పనులడగాలంటే నాకు భయం."

"అడిగి చూడు. మా అక్క ఏం చేస్తుందో."

"ఇంకా ఉంది విను. పుస్తకం సెప్టెంబరులో అచ్చుకు వెళ్తోంది. దారికి 'రెండో ఊపిరి' అని పేరు అనుకున్నాను." విదాల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "రెండోది ఆయనదట. మొదటి ఊపిరి నలభై రోజులు ఆ తాడుకు వేలాడినవాళ్లదేమో మరి."

బసిలియా ఎడమచేతి బొటనవేలి గోరును కుడిచేత్తో రుద్దుకుంది. అది సుత్తి దెబ్బకు ఊడి, వంకరగా మళ్లీ మొలిచిన గోరు.

*

మంగళవారం శాంతియాగో పండగ. పశువుల చెవి కుచ్చులు మార్చే రోజు. తెల్లారగానే బసిలియా పైనున్న మేత బీడుకు నడిచింది. రెండు గంటల ఎక్కుడు. తోమసా అత్త అప్పటికే రాళ్ల దొడ్డి మధ్యలో దుప్పటి పరుచుకుని కూర్చుంది. దుప్పటి మీద కోకా ఆకులు, చెరకు సారా సీసా, నారింజ రంగు ఊలు ఉండ, ఆకుపచ్చ ఊలు ఉండ, దబ్బనం, చిన్న కత్తి. ఇరుగుపొరుగు దొడ్ల నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. ఒక ముసలావిడ చిన్న డప్పు వాయిస్తోంది.

"ఆలస్యమేందే? నీ రాళ్లకి కూడా పండగ చేసొచ్చావా?" అంది తోమసా.

"అత్తా, ముందు కొంచెం నీళ్లియ్యి."

"నీళ్లు వాగులో ఉన్నాయి. ఇక్కడ సారా ఉంది."

పని మొదలైంది. బసిలియా కొమ్ములు పట్టుకుని ఆవు తలను తొడకు అదిమి ఉంచితే తోమసా పాత కుచ్చును కత్తితో కోసి తీసేది. చెవిలో పాత రంధ్రం ఉంటుంది. దబ్బనంతో కొత్త ఊలు అందులోంచి పోనిచ్చి, రెండు రంగులూ కలిపి మూడు ముళ్లు వేసి, చివరలు సమానంగా కత్తిరించేది. ఆమెకు డెబ్బై దాటాయి. ముడి వేసేటప్పుడు చూసుకోదు. డప్పావిడతోనో ఆవుతోనో మాట్లాడుతూనే ఉంటుంది. ముడి అయ్యాక వేలు సారాలో ముంచి ఆవు నుదుట చిలకరిస్తుంది.

పన్నెండో జంతువు ఒక గోధుమరంగు ఆవు. దాని చెవికి వెలిసిన నీలం కుచ్చు ఉంది.

"ఇది పక్క దొడ్డి ఎఫ్రాయిన్‌ది కదా," అంది బసిలియా.

"పట్టుకో."

"ఆయన వాంకాయో పట్నంలో ఉన్నాడుగా."

"ఉన్నాడు. రొట్టెల దుకాణం పెట్టాడు. పట్టుకోవే, కదులుతోంది."

బసిలియా తలను గట్టిగా అదిమింది. తోమసా నీలం కుచ్చు కోసింది. కోసిన పోగును కింద పడనివ్వకుండా ఒడిలో పెట్టుకుంది. చుట్టూ ఉన్న మాటలు తగ్గాయి. డప్పు మాత్రం ఆగలేదు. తోమసా దబ్బనానికి నారింజ ఊలు ఎక్కించింది. చెవిలో పోనిచ్చింది. ఆకుపచ్చ కలిపింది. మూడు ముళ్లు వేసింది.

"చూశారుగా," అంది అందరి వైపు తిరిగి. "ఆయన రెండు శాంతియాగోలకు రాలేదు. ఇది మూడోది. మంచు పడ్డప్పుడు, దూడగా ఉన్న దీన్ని భుజాన వేసుకుని తెచ్చింది నేను. ఈనినప్పుడు చెయ్యి పెట్టి లాగింది నేను. ఎవరికైనా అభ్యంతరముందా?"

ఎవరికీ లేదు. ఒకాయన సారా గ్లాసు అందించాడు.

"ఆయనొచ్చి అడిగితే?" అంది బసిలియా.

"అడగనీ. పోగు ఇచ్చేస్తా." ఒడిలోని నీలం పోగు చూపించింది. "ఆయన వస్తువు ఇదొక్కటే. పోగొట్టను."

మధ్యాహ్నం అందరూ మేకమాంసం, ఉడికిన బంగాళదుంపలు తింటున్నప్పుడు బసిలియా అత్త పక్కన కూర్చుని గోడ సంగతి చెప్పింది. గుడ్డ, చిలీ అమ్మాయి నవ్వు, మౌరిసియో మెసేజీ. తోమసా దుంప తొక్క తీస్తూ విన్నది.

"ఆయన గుడ్డ కట్టినప్పటి నుంచి ఎన్ని శాంతియాగోలు పోయాయి?"

"రెండు. ఇవాళ్టితో మూడు."

"బోల్టులు కొట్టేటప్పుడు నీతో ఆయనున్నాడా?"

"మూడు కొట్టాక వేలు విరిగింది. వెళ్లిపోయాడు. మిగతావి నన్ను కొట్టమన్నాడు."

"తర్వాత గోడ ఎవరు చూశారు?"

"నేనే. వానాకాలం అయ్యాక ప్రతిసారీ మట్టి కడిగా."

"ఒక్కసారైనా ఎక్కావా?"

"లేదత్తా. గుడ్డ ఉంది కదా."

తోమసా తొక్క తీసిన దుంప ఆమె చేతిలో పెట్టింది. తర్వాత రెండు ఊలు ఉండల నుంచి మూరెడు మూరెడు తెంపి, రెండూ కలిపి మెలిపెట్టి, ఆమె చొక్కా జేబులో కుక్కింది.

"నేను కడితే కుదరదు. నేను నీ రాయిని మేపలేదు," అంది. "పదిమంది చూస్తుండగా కట్టు. ఆయన పోగు ఆయనకివ్వు."

*

బుధవారం పొద్దున్న గోడ కింద విదాల్, హవియేరా, పక్క దారి ఎక్కడానికి వచ్చిన మరో ఇద్దరు ఉన్నారు. బసిలియా గోడ మొదట్లో ఒక రాయి ఎత్తి, దాని కింద కొండకు మొక్కుగా మూడు కోకా ఆకులు పెట్టి, రాయి మళ్లీ దించింది. మొదటి బోల్టు ఆమె తలకంటే మూరెడు పైన ఉంది. రెండు అడుగులు ఎక్కి, ఒక చేత్తో రాయి పట్టుకుని, రెండో చేత్తో పాత గుడ్డ ముడి విప్పింది. ముడి రాయిలా బిగిసిపోయి ఉంది. పళ్లతో లాగాల్సి వచ్చింది. గుడ్డను జేబులో పెట్టుకుని అత్త ఇచ్చిన ఊలు కట్టింది. మూడు ముళ్లు.

"ఇక నీదా?" అంది హవియేరా.

"నా గుర్తు పడింది. ఎక్కితే నాది."

"అయితే ఎక్కు మరి, సారా నేను పోస్తా," అన్నాడు విదాల్. తాడు పట్టే పరికరాన్ని నడుము బెల్టుకు తగిలించుకున్నాడు.

ఆ గోడలో ఆమెకు తెలియని అంగుళం లేదు. కాని అదంతా పై నుంచి కిందికి తెలుసు. పైన చెట్టుకు తాడు కట్టి, దిగుతూ, వేలాడుతూ, ఒక్కో బొక్కను ఉలితో సుత్తితో కొట్టింది. డ్రిల్లు మౌరిసియో వెంట తీసుకెళ్లాడు. ఒక్కో బొక్కకు గంటంపావు, వదులు రాళ్లు రాల్చి గోడ శుభ్రం చేయడంతో కలిపి మొత్తం నలభై రోజులు. రెండు దెబ్బలకోసారి ఉలిని పావు వంతు తిప్పాలి, రబ్బరు గొట్టంతో సున్నపుపొడి ఊదెయ్యాలి. కళ్లలో పడేది. చేతులు రాళ్లలా మారాయి. అయితే ఎప్పుడూ కింది నుంచి పైకి వెళ్లలేదు.

మొదటి తొమ్మిది బోల్టులు సాఫీగా సాగాయి. నిలువునా దిగి గట్టిపడిన సున్నపురాతి ధారను రెండు మోకాళ్ల మధ్య బిగించి, ఒక్కో కొక్కేనికి తాడు తగిలిస్తూ వెళ్లింది. పదో బోల్టు దాటాక రాయి నున్నగా ఉంది. మౌరిసియో మొదటి రోజే పై నుంచి దిగి చూసి, ఇక్కడ ఎడమ అంచు నుంచి పై అంచుకు ఒక్క దూకు దూకాలి అన్నాడు. ఆయన ఆరడుగుల మనిషి. బసిలియా ఐదడుగులు. దూకింది. వేళ్లు అంచును తాకి జారాయి. పడింది. తాడు పట్టేసింది. మళ్లీ దూకింది. మళ్లీ పడింది.

"కప్పలా ఉన్నావు మరదలా," అని కింది నుంచి విదాల్ అరిచాడు.

"నోరు ముయ్యి బావా, తాడు లాగు."

"లాగుతున్నా. నిన్న మాంసం ఎక్కువ తిన్నట్టున్నావు."

వేలాడుతూ ఆమె పక్కకు చూసింది. పదకొండో బోల్టుకు జానెడు ఎడంగా పీతో అనే వడ్రంగిపిట్ట గూడు ఉంది. రాతిలో గుండ్రటి బొక్క, నోటిదాకా ఎండిన మట్టి, గడ్డి. రెండేళ్ల కిందట అందులో పిల్లలుండేవి. మౌరిసియో తీసెయ్యమన్నాడు. ఆమె తియ్యలేదు. సుత్తి దెబ్బకు పిట్ట బెదరకుండా బోల్టును జానెడు కుడికి జరిపింది. ఆ ఏడాది పిల్లలు ఎగిరిపోయాయి. తర్వాతి ఏడు పిట్ట రాలేదు. ఈ ఏడూ రాలేదు. అయినా పిట్ట ఇల్లు కదా అని ఆమె ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.

రాయి మీద వేళ్లతో మెల్లగా కొట్టి చెవి ఆనించింది. ఏమీ లేదు. గడ్డి పీకింది. మట్టి, ఈకలు, గుడ్డు పెంకు ముక్క ఒకటి రాలాయి. చెయ్యి మణికట్టు దాకా లోపలికి వెళ్లింది. లోపల పై వైపు రాయి కొక్కెంలా వంగి ఉంది. నాలుగు వేళ్లూ దాని మీద కూర్చున్నాయి.

ఆ చెయ్యి మీద మొత్తం బరువు వేసి, కాళ్లు పైకి తెచ్చి, రెండో చెయ్యి చాచింది. పై అంచు ఎదురుగానే ఉంది. దూకాల్సిన పని లేదు.

దిగాక చేతులు చూపించింది. నాలుగు వేళ్ల చివర చర్మం లేచిపోయింది.

"ఇంకో గంట ఆగి ఎక్కేద్దాం," అన్నాడు విదాల్. "రేపు ఆయనొచ్చేసరికి పని అయిపోయుండాలి. ఎవరు చూస్తారు?"

"అదే కదా బావా. ఎవరూ చూడరు."

"అంటే?"

"అత్త ఆవు చెవికి అందరూ చూస్తుండగా కట్టింది. నేను చాటుగా ఎక్కితే గుర్తు చాటుగా మార్చినట్టు ఉంటుంది. రానీ. ఆయన ముందే ఎక్కుతా."

"వేళ్లకి తోలు లేదు. రేపటికి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"గొర్రె కొవ్వు రాసి గుడ్డ కట్టుకుంటా. నువ్వు మాత్రం రేపు ఆరుగురికి చేపలు వేయించు."

"నేనా?"

"మరి నేను గోడ మీద ఉంటా కదా."

*

గురువారం పదకొండు గంటలకు రెండు కార్లు వంతెన దగ్గర ఆగాయి. మౌరిసియో గడ్డం నెరిసింది. బసిలియాను చూడగానే చేతులు చాచాడు.

"బసిలియా! ఏం మారలేదు నువ్వు. గోడ కడిగావా?"

"కడిగా సార్."

"గూడు తీశావా?"

"తీశా."

"శభాష్." వెనక వస్తున్న వాళ్ల వైపు తిరిగాడు. "చెప్పానుగా, ఈమె లేకపోతే ఇక్కడ ఏ పనీ కాదు."

గోడ దగ్గరికి వచ్చేసరికి కెమెరా మనిషి ముందు నడుస్తున్నాడు. మౌరిసియో మొదటి బోల్టు చూసి ఆగాడు. నారింజ, ఆకుపచ్చ కుచ్చు గాలికి ఊగుతోంది.

"ఇదేంటి?"

బసిలియా జేబులోంచి గుడ్డ తీసి అందించింది. ఉతికి నాలుగు మడతలు పెట్టి ఉంది.

"ఇది మీది సార్."

ఆయన తీసుకున్నాడు. గుడ్డ వైపు, కుచ్చు వైపు మార్చి మార్చి చూశాడు.

"ఎవరు కట్టారిది?"

"నేను. మొన్న శాంతియాగోతో మూడు అయ్యాయి. మీరు రాలేదు."

"బసిలియా, ఇది ఆవు కాదు."

"కాదు సార్. మీ లెక్క ప్రకారమైతే ఇంకా ముందే పోయింది. ఒక సీజనేనట కదా. మీరు చెప్పలేదు."

హవియేరా ఒక రాయి మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

మౌరిసియో గొంతు తగ్గించాడు. "దారి చూసింది నేను. బోల్టులు తెచ్చింది నేను. వేలు విరగకపోతే అప్పుడే ఎక్కేవాణ్ణి. నీకు తెలుసు."

"తెలుసు సార్. మిగతా బోల్టులు కొట్టమని మెసేజీ పెట్టారు. కొట్టా. తర్వాత రెండేళ్లు, పడ్డాయా అని కూడా అడగలేదు."

కెమెరా మనిషి కెమెరా భుజం మీంచి దించాడు. ఏం చెయ్యాలో తెలియక కటకం మూత పెట్టాడు, తీశాడు.

"ఏమంటావు ఇప్పుడు?" అన్నాడు మౌరిసియో.

"ఒక్కసారి ఎక్కుతా. ఒక్కటే. పడితే, తాడు మీద బరువు పడితే, నా కుచ్చు నేనే విప్పేసి మీ గుడ్డ కడతా. తర్వాత మీరు ఎన్ని రోజులైనా తీసుకోండి. తాడు కూడా నేనే పడతా."

"ఎన్నిసార్లు ఎక్కి చూశావు ఇప్పటిదాకా?"

"నిన్న ఒకసారి. పడ్డా."

మౌరిసియో పైకి చూశాడు. పదో బోల్టు పైన నున్నటి రాయి దగ్గర ఆయన చూపు ఆగింది. ఆమె ఎత్తు చూశాడు.

"సరే," అన్నాడు.

రెండు గంటలకు గోడ నీడలోకి వెళ్తుంది. రాయి చల్లబడితేనే వేళ్లు నిలుస్తాయి. అందరూ ఆగారు. రెండు దాటాక బసిలియా వేళ్ల గుడ్డలు విప్పి, కొవ్వు తుడిచి, సుద్దపొడి రాసుకుంది. తాడు నడుముకు ముడి వేసుకుంది. విదాల్ చేపల పొయ్యి వదిలేసి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు.

"నువ్వొద్దు బావా," అంది.

"ఏం?"

"సార్ పడతారు తాడు."

విదాల్ ఆమె చెయ్యి పట్టి పక్కకు లాగాడు. "నీకు పిచ్చా? నువ్వు పడితే లాభం ఆయనకి. తాడు ఆయన చేతికిస్తావా?"

"తాడు మీద బరువు పడిందో లేదో పట్టినోడి చేతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నువ్వు పడితే రేపు లీమాలో, బావ పట్టాడు అంటారు. ఆయన పడితే ఏమంటారు?"

విదాల్ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పటికే ఒక చేప మాడింది.

మౌరిసియో తాడును తన పరికరంలో ఎక్కించుకున్నాడు. ఆమె ముడి చూశాడు. ఆమె ఆయన పరికరం చూసింది. ఇద్దరూ తలూపారు.

ఆమె రాయి కింద కోకా ఆకులు మార్చి మొదలుపెట్టింది.

మూడు బోల్టులు ఆయనవి. తేలిక. నాలుగోది, కింది నుంచి లెక్కిస్తే, ఆమె మొదటిది. అక్కడ ఉలి జారి బొటనవేలి గోరు పోయింది. ఐదోది వంకరగా ఉంటుంది. అది కొట్టిన రోజు వడగళ్లు పడ్డాయి. ఏడోది దాటాక సున్నపు ధారను మోకాళ్లతో బిగించి రెండు చేతులూ వదిలేసి దులుపుకుంది. ఏటి హోరు ఇక్కడి దాకా రాదు. పొయ్యి దగ్గర విదాల్ ఎవరినో తిడుతుంటే వినిపించింది. తాడు వదులుగా, కాని మరీ వదులు కాకుండా ఆమె వెంట వస్తోంది. మౌరిసియోకు పని తెలుసు. అవసరమైనంత తాడు ఇస్తున్నాడు, ఒక్క అంగుళం లాగడం లేదు.

తొమ్మిది. పది.

ఎడమ అంచు పట్టుకుని నిలబడింది. వేళ్ల చివర్ల నుంచి సన్నగా రక్తం వస్తోంది. చొక్కాకు తుడుచుకుని సుద్దపొడి పట్టించింది. కింద అందరూ మెడలు పైకెత్తారు. దూకు కోసం చూస్తున్నారని ఆమెకు తెలుసు.

ఆమె దూకలేదు. కుడిచెయ్యి పిట్ట బొక్కలోకి పెట్టింది. మణికట్టు దాకా. నాలుగు వేళ్లు లోపలి కొక్కెం మీద కూర్చున్నాయి. కుడికాలు జారింది. ఒక క్షణం శరీరం మొత్తం ఆ చేతికి వేలాడింది. కింద మౌరిసియో మోకాళ్లు వంచి ఆమె పడితే ఆపడానికి సిద్ధపడ్డాడు. తాడు మాత్రం బిగించలేదు.

ఆమె కాలు మళ్లీ పెట్టింది. ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఎడమచెయ్యి చాచింది. పై అంచు అందింది.

పదకొండో బోల్టుకు తాడు తగిలించింది. తర్వాతి భాగం ఆమె నలభై రోజులు కాళ్లు ఆనించి నిలబడిన చోటు. పన్నెండోది దాటాక పక్కపక్కనే రెండు బోల్టులు. పదమూడు, పద్నాలుగు. ఆమె కొట్టిన మొట్టమొదటివి అవే. వాటి కొక్కేనికి తాడు తగిలించి, చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించింది. తాడు కట్టీ కట్టీ ఆ బెరడు మీద గాడి పడి ఉంది.

"దించండి సార్!"

ముందు అరిచింది హవియేరా. తర్వాత విదాల్ గరిటెతో పెనం మీద డప్పు వాయించడం మొదలుపెట్టాడు. ఆమె కాళ్లు నేల తాకేదాకా ఆపలేదు.

మౌరిసియో తాడు వదల్లేదు. రెండు చేతుల్లో అలాగే పట్టుకుని ఉన్నాడు. కెమెరా మనిషి ఎప్పుడు మొదలుపెట్టాడో గాని కెమెరా నడుస్తోంది.

"సార్," అంది బసిలియా. "తాడు బరువెక్కిందా?"

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు.

"లేదు. ఒక్కసారి కూడా బరువెక్కలేదు."

"ఇంకోసారి చెప్పండి సార్, పెనం చప్పుడుకు వినపడలేదు," అన్నాడు విదాల్.

"బరువెక్కలేదు!" అని మౌరిసియో గట్టిగా అరిచాడు. అరిచాక నవ్వొచ్చింది. "ఆ గూడు రెండేళ్ల కిందటే తీసెయ్యమన్నాను. సిమెంటు పూసెయ్యమన్నాను కూడా."

"గుర్తుంది సార్."

ఆయన సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు. ఒక పేజీలో ఏదో కొట్టేశాడు. పెన్ను పట్టుకుని ఆమె వైపు చూశాడు.

"పేరేం రాయమంటారు?"

"పీతో."

రాశాడు. "ముందు ఎక్కినవారు, బసిలియా క్రిస్పిన్." అదీ రాశాడు.

"బోల్టులు ఎవరు కొట్టారో కూడా పుస్తకంలో వేస్తారా?"

"వేస్తారు."

"అయితే మూడు మీవి రాయండి. కిందివి."

"మిగతావి ఎన్ని?"

"ఎక్కుతూ లెక్కపెట్టుకోండి," అంది బసిలియా. "తాడు నేను పడతా."

విదాల్ చేపలు ఆకుల్లో వడ్డిస్తున్నాడు. ఆరు మాడినవి లీమా వాళ్లకు, మంచివి ఇక్కడి వాళ్లకు అని గట్టిగా పంచుతున్నాడు. మౌరిసియో రాయి మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. బసిలియా రెండు అడుగులు ఎక్కి మొదటి బోల్టు నుంచి ఊలు విప్పింది. మూడు ముళ్లూ తేలిగ్గా వచ్చాయి. దాన్ని జేబులో పెట్టుకుని కిందికి దిగింది.

"ఇక కుచ్చు అక్కర్లేదా?" అని అడిగాడు మౌరిసియో.

"అక్కర్లేదు సార్. ఇప్పుడు ఎవరైనా ఎక్కొచ్చు," అంది. తాడు తన పరికరంలో ఎక్కించి, ఆయన ముడి చూసి, తలూపింది.